పది పాయింట్లు

మేము దేవరకొండ వైపు తండాల వాళ్లం. ఎల్బీనగర్‌లో ఒక గదిలో నలుగురం ఉంటూ దిల్‌సుఖ్‌నగర్‌లో ఒక బట్టల దుకాణంలో పనిచేశాం. మెట్రోలో మూడో స్టేషనే అయినా డబ్బులు మిగలాలని సిటీ బస్సే ఎక్కేవాళ్లం.

దుకాణంలో పాయింట్ల లెక్క ఉండేది. పది నిమిషాలు ఆలస్యమైతే ఒకటి. గిరాకీ లేనప్పుడు కూర్చుంటే రెండు. చెప్పకుండా మానేస్తే ఐదు. పది నిండితే ఒక రోజు జీతం కోత. లెక్కంతా మేనేజరు ఫోన్‌లో ఉండేది, మాకు నెలాఖరుకే తెలిసేది.

ఆలస్యం తప్పే, కాదనం. కానీ తీజ్ చివరి రోజు తండాకు పోతామని ముందే చెప్పినా ఐదు పడ్డాయి. అడిగితే ఎదురు మాట్లాడారని ఇంకో రెండు. అంతకుముందున్న మూడుతో పది నిండాయి. మానేసిన రోజు జీతం ఎలాగూ లేదు, పైన ఇంకో రోజుది పోయింది.

తండాలో నాయక్, కార్భారి ముందు కూర్చోబెట్టి "ఎందుకు చేశావురా?" అని అడుగుతారు. దండుగ ఆ తర్వాతే.

చట్టమూ అదే చెబుతుందని తర్వాత తెలిసింది. 1936 వేతనాల చెల్లింపు చట్టంలోనూ, 2019 వేతనాల కోడ్‌లోనూ ఒకటే మాట: ఏ తప్పుకు జరిమానాయో ముందే నోటీసు పెట్టాలి, సంజాయిషీ వినాలి, జరిమానా జీతంలో 3 శాతం దాటకూడదు, ఆ డబ్బు కార్మికుల మేలుకే వాడాలి. ముప్పై రోజుల నెలలో ఒక రోజు జీతమంటేనే 3 శాతం దాటుతుంది!

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పాయింటు పడిన రోజే తేదీ, కారణం మీ నోటుబుక్కులో రాసుకోండి. సార్లూ, టీచరమ్మలూ, శాతాల పాఠం ఒకసారి జీతం చీటీతో చెప్పండి. మాకు ఆ లెక్క ఆలస్యంగా వచ్చింది.