గట్టుమీది నుంచి

గుంటూరుకు చేరువలోని ఉప్పలపాడు చెరువు గూడబాతులకు, ఎర్రకాళ్ల కొంగలకు పుట్టినిల్లు. నీటి మధ్య దిబ్బలపై పెరిగిన తుమ్మచెట్లే వాటి పురిటి గదులు. శీతకాలంలో కెమెరా భుజాన వేసుకొని ఆ గట్టుకు పోవటం నాకు అలవాటు. మంచు విడేదాకా రెక్కల చప్పుడే వినవస్తుంది. పిదప కొమ్మకొమ్మకూ ఒక సంసారం కంటబడుతుంది. గూడబాతు పిల్ల తల్లి గొంతుసంచిలో తల దూర్చి చేపలు తింటుంది. మొదటిసారి చూసినవారికి తల్లే పిల్లను మింగుతున్నదేమోనన్న భ్రమ కలుగుతుంది! ఎండ ముదరగానే కొంగ రెక్కలు చాచి పిల్లలకు గొడుగు పడుతుంది. అప్పుడు దాని తోక దగ్గరి గులాబీరంగు ఈకలు మెరుస్తాయి. ఛాయాచిత్రకారునికి అంతకంటే మంచి తరుణం దొరకదు.

మరికొంత దగ్గరకు పోవాలన్న ఆశ పుట్టేదీ అప్పుడే. మనిషి సమీపిస్తే తల్లి ఎగిరిపోతుంది. ఈకలైనా రాని పిల్ల ఎండకూ కాకికీ చిక్కుతుంది. పక్షులు ఒక స్థావరాన్ని పూర్తిగా వదలివేయటమూ కొత్త కాదు. 1946లో పశ్చిమ గోదావరి జిల్లా ఆరేడులో కె.కె. నీలకంఠన్ గూడబాతుల పెద్ద స్థావరాన్ని గుర్తించారు. 30 ఏళ్లు తిరగకముందే అక్కడ గూళ్లు లేకుండా పోయాయి.

ఒక ఉదయం ఉప్పలపాడులో నీటిలోకి దిగబోయిన యువకుణ్ణి, గేదెలను తోలుకొస్తున్న ముసలమ్మ ఆపింది. "నాయనా, బొమ్మ కోసం దాన్ని లేపమాక. అది లేస్తే పిల్ల మాడిపోద్ది" అన్నది. అతడు మారుమాటాడక గట్టెక్కాడు.

నా చిత్రాలలో పక్షులు చిన్నవిగా, నీరూ ముళ్లకొమ్మలూ పెద్దవిగా కనిపిస్తాయి. "ఇంకొంచెం దగ్గరగా తీయలేకపోయారా?" అని మిత్రులు అడుగుతూనే ఉంటారు.