గొణుగుడు వినే విద్య

గోదావరి ఒడ్డున పుట్టినవాడికి హెచ్చరిక అంటే ఏమిటో ఒకరు చెప్పనక్కర్లేదు. భద్రాచలం దగ్గర నీటిమట్టం 43 అడుగులైతే మొదటి ప్రమాద హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది. మొదటిది వినగానే మా నాన్న ఏటి ఒడ్డు నుంచి ఆయిల్ ఇంజను ఎత్తించుకొస్తాడు; రెండోదానికి గొడ్లను మెరకకు తోలతాడు. మూడోదాకా ఆగడు. 1986లో 75.6 అడుగులు, 2022 జూలైలో 71.3 అడుగులు చూసిన ప్రాంతం మరి!

ప్రోగ్రాములకూ హెచ్చరికలుంటాయని డిగ్రీలో చేరాకే తెలిసింది. మనం రాసినదాన్ని యంత్రభాషలోకి మార్చే కంపైలరు, తప్పు కనబడితే ఆగిపోతుంది. అనుమానమొస్తే మాత్రం 'వార్నింగ్' అని గొణిగి తన పని తాను చేసుకుపోతుంది. ఆ గొణుగుడు మనకెంత వినబడాలో చెప్పేవే ఫ్లాగులు. మా లాబులో చాలామందికి అది వినే ఓపిక ఉండదు. ప్రోగ్రాము నడిచిందా, రికార్డు రాశామా, అంతే!

పోయిన సంక్రాంతి సెలవుల్లో మా మిరపతోట బోరుకు ఆర్డ్యూనో యూనో బోర్డు ఒకటి అమర్చాం. కరెంటు పోయి వచ్చాక నిమిషం ఆగి మోటారు వేయడం దాని పని. ప్రోగ్రాము ఒక సీనియర్ అన్న ఇచ్చాడు. నిమిషమంటే 60ని 1000తో గుణించి, అన్ని మిల్లీసెకన్లు ఆగమని రాసి ఉంది. చూడ్డానికి ఏ లోపమూ లేదు. కాని ఆ బోర్డులో మామూలు పూర్ణాంకం 32767 దాటదు. 60000 కాస్తా తిరగబడి మైనస్ 5536 అవుతుంది. ఆగమని చెప్పే ఫంక్షనుకు మైనస్ అంటే తెలియదు గనక దాన్ని నాలుగు వందల కోట్ల పైచిలుకు సంఖ్యగా తీసుకుంటుంది. లెక్క కడితే 49 రోజులు! కాయమీదున్న మిరపకు అన్నాళ్ళు నీళ్ళు లేకపోతే ఏమవుతుందో రైతుబిడ్డలకు చెప్పాలా? ఆ సాఫ్ట్‌వేరులో వార్నింగులు మొదట మూసే ఉంటాయి. సెట్టింగుల్లో తెరవగానే ఆ లైనే పైకొచ్చింది. 60 పక్కన 'ఎల్' అక్షరం చేర్చితే సరిపోయింది.

అలాగని ప్రతి వార్నింగునూ తప్పుగా లెక్కగట్టే 'ఎర్రర్' ఫ్లాగు పెట్టేస్తే? 2021 సెప్టెంబరులో లినస్ టోర్వాల్డ్స్ లినక్స్ కెర్నెల్‌కు అదే చేశాడు. చాలాచోట్ల బిల్డులు ఆగిపోయి, కొద్దిరోజుల్లోనే దాన్ని సడలించాల్సి వచ్చింది. కంపైలరు కొత్తదైతే వార్నింగులూ కొత్తవి వస్తాయి. నిన్నటి మంచి ప్రోగ్రాము నేడు నిలబడిపోతుంది. పైగా 'ఆల్' అనే ఫ్లాగు పేరుకే అన్నీ; పెద్ద సంఖ్యను చిన్న గదిలో కుక్కే మార్పిడిని చూపాలంటే 'కన్వర్షన్' విడిగా అడగాలి. అందుకే నేను సంఖ్య పొంగిపోవడం, విలువ ఇవ్వని చలరాశిని వాడడం, ఈ రెంటికే పని ఆపిస్తాను. తక్కినవి కనబడితే చాలు, తీరికగా చదువుకుంటాను.

ఆ బోర్డు ఇప్పుడు బోరు పక్కన రేకుడబ్బాలో ఉంది. కరెంటు వచ్చినప్పుడల్లా నాన్న మాత్రం నిమిషం గడిచేదాకా దాని పక్కనే నిలబడుతున్నాడు.