ఏటి గట్టున టుసు, వాకిట్లో గొబ్బెమ్మ

జంషెడ్‌పూర్‌లో ఒకే రోజు రెండు సంక్రాంతులు జరుగుతాయి. మధ్య దూరం అర కిలోమీటరే. దాన్ని దాటడానికి మా అత్తగారికి 48 ఏళ్లు పట్టింది.

పండగ రోజు ఉదయం తొమ్మిది గంటలు. భుయ్యాడీహ్‌లోని మా అత్తవారి వంటింట్లో అరిసెలు వేగుతున్నాయి. వాకిట్లో మా తొమ్మిదేళ్ల అమ్మాయి గొబ్బెమ్మలకు పూలు గుచ్చుతోంది. గుమ్మడిపూలు దొరకలేదు కాబట్టి ఈసారికి బంతిపూలే. ఇంతలో వీధి చివర నుంచి మాదల్ మోత మొదలైంది. దాని వెనకే గుంపుగా ఆడవాళ్ల పాట.

''అమ్మమ్మా, ఆ డప్పులు ఎక్కడ?''

''ఏటి కాడమ్మా. ఆళ్ల పండగ. మనకి మన పండగుంది కదా.''

మా అత్తగారు ఆ మాట చులకనగా అనలేదు, అలవాటుగా అన్నారు. శ్రీకాకుళం జిల్లా నుంచి కోడలిగా ఈ ఇంటికి వచ్చి 48 ఏళ్లయింది. సువర్ణరేఖ నది ఇంటికి నడిచి వెళ్లేంత దూరం. ఒక్కసారీ టుసు మేళాకు వెళ్లలేదు. కారణాలడిగితే వరసగా చెబుతారు: ఆ దారిలో శ్మశానఘాట్ ఉంది, అక్కడ కోడిపందేలు ఆడతారు, హండియా తాగుతారు. హండియా అంటే బియ్యం పులియబెట్టి తీసే కల్లు లాంటిది. ఆవిడ చెప్పినవన్నీ నిజమే. కానీ కోడిపందేలు, కల్లు ఉన్నాయని గోదావరి జిల్లాల్లో సంక్రాంతి మానేసిన వాళ్లెవరూ లేరు కదా అన్నాను. మా మామగారు పేపరు చాటున నవ్వుకున్నారు. చివరికి మనవరాలి మంకుపట్టే గెలిచింది. పదకొండింటికి అయిదుగురం బయల్దేరాం.

ఈ ఊరి భూగోళం చిత్రమైనది. 1907లో ఉక్కు కర్మాగారం కోసం ఎంచుకున్న చోటు సాక్చి అనే పల్లె. 1912లో మొదటి ఉక్కు తయారైంది. 1919లో వైస్రాయ్ చెమ్స్‌ఫర్డ్ ఆ ఊరికి జంషెడ్‌జీ టాటా పేరు పెట్టారు. కాళీమాటి స్టేషన్ టాటానగర్ అయింది. పాత పల్లెలు ఎక్కడికీ పోలేదు, పేటల పేర్లుగా మిగిలాయి. సాక్చి, జుగ్‌సలాయి, సోనారీ, బారీడీహ్, భుయ్యాడీహ్. డీహ్ అంటే ఊరుండే మెరక. ఆటోవాలా రోజూ అరిచే ఈ పేర్లన్నీ ఒకప్పుడు పొలాలూ చెరువులూ ఉన్న ఊళ్లవి. ఆ ఊళ్ల పంట పండగే టుసు.

మనవాళ్లు వచ్చింది ఉక్కు కోసం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే పుణ్యమా అని కోస్తా నుంచి ఖరగ్‌పూర్ వచ్చి, అక్కడ బండి మారితే టాటానగర్. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాల నుంచి తరం వెంట తరం ఆ దారినే వచ్చింది. బిష్టుపూర్‌లో ఆంధ్ర భక్త శ్రీరామ మందిరం కట్టుకున్నారు. మా మామగారి తండ్రి 1930ల చివర్లో ఖలాసీగా చేరారట. మామగారు కూడా కర్మాగారంలోనే రిటైరయ్యారు. ఇంట్లో మాట్లాడేది తెలుగు, బజారులో హిందీ. పక్క వీధిలో పాడే పాట ఏ భాషలో ఉందో మాత్రం ఎవరూ అడగలేదు.

ఏటి గట్టు చేరేసరికి తిరనాళ్ల వాసన తగిలింది. జిలేబీ, వేడి నూనె, ఎడ్ల పేడ, మట్టి. ఒక వరసలో బెల్లం పీఠాలు, నువ్వుల లడ్డూలు, మరమరాలు. మరో వరసలో గాజులు, బుడగలు, ప్లాస్టిక్ తుపాకులు. వాటి మధ్యలో కొడవళ్లు, వెదురు చేటలు, చేపల వలలు. నగరం నడిబొడ్డున ఇవెవరు కొంటారనుకున్నాను. మేం నిలబడిన కాసేపట్లోనే రెండు వలలు అమ్ముడుపోయాయి. చెట్ల చాటున మగవాళ్ల గుంపు చప్పుడు లేకుండా వంగి నిలబడింది. అక్కడేం జరుగుతోందో భీమవరం చూసినవాడికి చెప్పక్కర్లేదు. 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం అక్కడా ఇక్కడా ఒకటే. సంక్రాంతి మూడు రోజులూ దాన్ని పట్టించుకోకపోవడంలోనూ రెండు చోట్లా ఒకటే తీరు. అమ్మాయిని అటు చూడనివ్వకుండా మా ఆవిడ రంగులరాట్నం వైపు లాక్కెళ్లింది.

అసలు చూడాల్సినవి చౌడల్‌లు. వెదురు బద్దలతో గోపురంలా కట్టి, రంగు కాగితాలు కత్తిరించి అంతస్తులంతస్తులుగా అతికిస్తారు. కొన్ని మనిషి ఎత్తు, కొన్ని లారీ ఎక్కించాల్సినంత పెద్దవి. వాటితో పాటు టుసు అమ్మవారి మట్టి బొమ్మలు. అమ్మవారంటే గుళ్లో ఉండే దేవత కాదు. ఇంట్లో పిల్ల. కుర్మీ మహతోలు, భూమిజ్‌లు, ఇంకా ఎన్నో కులాల, తెగల ఆడపిల్లలు పుష్యమాసమంతా ఇంట్లో నిలుపుకుని, సాయంత్రాల్లో చుట్టూ చేరి పాడి, మకర సంక్రాంతి నాడు ఏట్లో కలుపుతారు.

పాటలకు పుస్తకం లేదు. ఒక గుంపు ఎత్తిపొడిస్తే రెండో గుంపు అప్పటికప్పుడు జవాబు కడుతుంది. పక్కనున్న కాలేజీ కుర్రాడిని హిందీలో అర్థం అడిగాను. ఒక పాటలో గ్యాస్ బండ ధర ఉందట. దానికి బదులుగా పాడినదాంట్లో ఫోన్ వదలని కొత్త కోడలు ఉందట. నవ్వుకున్నాను కానీ, రాజనీతి శాస్త్రం చదువుకున్న రోజుల్లో చదివిన విషయం గుర్తొచ్చింది. ఈ పాటలు ఒకప్పుడు జనాన్ని జైలుకు పంపాయి. అప్పటి బీహార్‌లోని మాన్‌భూమ్‌లో బెంగాలీ భాష కోసం 1954లో టుసు సత్యాగ్రహం జరిగింది. భాష హక్కును టుసు బాణీలో పాడుతూ వీధుల్లోకి వచ్చినవారిని అరెస్టు చేశారు. చివరికి 1956 నవంబరు 1న పురూలియా పశ్చిమ బెంగాల్‌లో కలిసింది. తెలుగువాళ్లకు ఆ తేదీ కొత్తది కాదు. ఆంధ్రప్రదేశ్ పుట్టినదీ ఆ రోజే. మాన్‌భూమ్‌లోని చాండిల్, ఇచాగఢ్, పటమ్దా మాత్రం బీహార్‌లోనే ఉండిపోయాయి. భుయ్యాడీహ్ నుంచి అవేమంత దూరం కాదు. భాషా రాష్ట్రాలంటే మనకు పొట్టి శ్రీరాములు గుర్తొస్తారు. ఇక్కడివాళ్లకు ఈ పాట గుర్తొస్తుంది.

నీళ్ల దగ్గర మా అత్తగారు ఆగిపోయారు. ఒక నడివయసు మహతో స్త్రీ తలమీంచి మట్టి మూకుడు దించుతోంది. అందులో పెద్ద బొమ్మ లేదు, రంగు కాగితం లేదు. వరి ఊక, దాని మీద పేడ ముద్దలు, గరిక, పసుపు, బంతిపూలు. టుసు పాత రూపం అదే. తుష్ అంటే ఊక. పేరు అందులోంచే వచ్చిందని చెబుతారు.

''ఇది గొబ్బెమ్మే కదే!'' అన్నారు మా ఆవిడ చెయ్యి పట్టుకుని.

ఆ తర్వాత ఇద్దరు ఆడవాళ్లూ పదిహేను నిమిషాలు మాట్లాడుకున్నారు. ఇద్దరిదీ బజారు హిందీయే. మీరు నెలంతా పెడతారా, మేమూ నెలంతా. మీరు పాడతారా, మేమూ. మరి మీరు చివర్లో ఏం చేస్తారని ఆవిడ అడిగింది. పిడకలు కొట్టి ఎండబెట్టి, రథసప్తమి నాడు వాటి మీద పాలు పొంగిస్తామని అత్తగారు చెప్పారు. ఆవిడ కాసేపు ఆలోచించి, ''మా పిల్ల అత్తారింటికి పోతుంది, మీ పిల్ల ఇంట్లోనే ఉంటుందన్న మాట'' అంది.

మాటల మధ్యలో ఇంకో సంగతి వచ్చింది. వాళ్ల ముత్తాతల ఊరు ఇప్పుడు కర్మాగారం గోడ లోపల ఉంది. చేతిలో పాత పట్టా కాగితం ఉంది, భూమి లేదు. అత్తవారి బస్తీది తిరగేసిన కథ. కాళ్ల కింద నేల ఉంది, ఇల్లుంది, కానీ కరెంటు బిల్లు తప్ప కాగితం లేదు. 1932 నాటి లేదా అంతకు ముందటి భూరికార్డులను బట్టి స్థానికులెవరో తేల్చే బిల్లును జార్ఖండ్ శాసనసభ 2022 నవంబరు 11న ఆమోదించింది. గవర్నర్ తిప్పి పంపితే 2023 డిసెంబరులో మళ్లీ ఆమోదించింది. ఆ లెక్కన ఆవిడ స్థానికురాలు, ఇక్కడే పుట్టి పెరిగిన మా మామగారు కాదు. జంషెడ్‌పూర్‌లో 86 బస్తీల మాలికానా హక్కు ప్రతి ఎన్నికలోనూ వాగ్దానమే. 2024లో భుయ్యాడీహ్ నదీతీరంలోని కొన్ని ఇళ్లకు ఆక్రమణల పేరిట నోటీసులు కూడా వచ్చాయి. పల్లె పోయినవాళ్లు, పట్టా లేనివాళ్లు ఒకే గట్టు మీద బతుకుతూ, ఒకరి వల్లే మరొకరికి నష్టమని వినీ వినీ అదే నమ్ముతూ వచ్చారు. ఒక మూకుడు పేడ ముద్దలతో ఆ చిక్కు విడిపోదు. కానీ పక్కవాళ్ల ఇంటి పిల్ల పేరు తెలియడానికి 48 ఏళ్లు పట్టిందంటే తప్పు చట్టాలదొక్కటే కాదు.

మూకుడు నీళ్లలోకి వదిలేటప్పుడు ఆ స్త్రీ ఏడ్చింది. ఏటా ఏడుస్తారట. మా అమ్మాయి బిత్తరపోయి, ''మళ్లీ రాదా?'' అని అడిగింది. ''పంట రాగానే వస్తుంది'' అందావిడ కళ్లు తుడుచుకుంటూ.

తిరిగి వస్తూ అత్తగారు ఒక వెదురు చేట కొన్నారు. ఇంట్లో రెండున్నాయిగా అని మామగారు గొణిగారు. ఆవిడ పట్టించుకోలేదు. సాయంత్రం ఆ కొత్త చేటలోనే అరిసెలు సర్ది, మీద ఒక గుడ్డ కప్పి, మనవరాలిని వెంటబెట్టుకుని మళ్లీ వీధి చివరికి నడిచారు. ఆ మహతో ఇల్లు ఎక్కడో అడిగి పెట్టుకున్నారట. మా వీధికి మూడో వీధే.