కంకర దారిన ఒంటరిగా

మా కార్యాలయంలో సెలవు దరఖాస్తు పెట్టినవారిని ఎక్కడికని అడిగితే, ఊరికనో, తిరుపతికనో, పిల్లల పరీక్షల వలన ఎక్కడికీ కాదనో జవాబు వస్తుంది. 2017 సెప్టెంబరులో నేను చెప్పిన జవాబు వీటిలో ఏదీ కాకపోవడం చేత మా విభాగంలో కొంత వినోదం కలిగింది. యాభై మూడేళ్ళ వయస్సులో, పాత బుల్లెట్ మోటారు సైకిలు మీద, ఢిల్లీ నుండి హిమాచల్ ప్రదేశ్‌లోని స్పితి లోయకు ఒక్కడినే వెళ్ళి వస్తానన్నాను. "ఎల్.టి.సి. ఇస్తారా?" అన్నది సహోద్యోగుల మొదటి ప్రశ్న. సొంత వాహనానికి ఇవ్వరని చెప్పాను. "మరి ఎందుకండీ?" అన్నది రెండవ ప్రశ్న.

ఒంటరిగా ఎందుకన్నదానికి మాత్రం సమాధానం సులభం. అంతకు ముందు రెండు సంవత్సరాలు ముగ్గురు మిత్రులతో కలిసి ఇదే ప్రయాణాన్ని తలపెట్టాము. ఒకసారి ఒకరికి ఆడిట్ వచ్చింది, మరొకసారి ఇంకొకరి ఇంట పెళ్ళి వచ్చింది. నలుగురి సెలవులూ ఒకేసారి మంజూరు కావడం గ్రహకూటమి కన్న అరుదైన విషయమని అప్పుడు తెలిసింది.

నా శ్రీమతి వద్దనలేదు. ఒకే ఒక షరతు పెట్టింది. "వెళ్ళి రండి. కాని రోజూ సాయంత్రం ఏడింటికల్లా మీ గొంతు నాకు వినపడాలి. ఏడు దాటితే నేను ఊరుకోను." ఇరవై ఏళ్ళ ఢిల్లీ కాపురంలో ఆమె మాట తప్పగా నేను చూడలేదు గనుక ఈ షరతును నేను తేలికగా తీసుకోలేదు.

స్పితికి రెండు దారులున్నాయి. మనాలి మీదుగా వెళితే దూరం తక్కువ, కాని ఒకటి రెండు రోజులలోనే మనిషి నాలుగువేల ఐదువందల మీటర్ల ఎత్తుకు చేరుతాడు. శరీరానికి అలవాటుపడే వ్యవధి ఉండదు. తలనొప్పి, వాంతులు, నిద్రలేమి మొదలవుతాయి, ముదిరితే ప్రాణాపాయం. సిమ్లా మీదుగా వెళితే ఎత్తు మెట్లు మెట్లుగా పెరుగుతుంది. తోడు ఎవరూ లేనివాడికి రెండవదే సరియైనదని నిర్ణయించుకొని, సిమ్లా వైపు నుండి ఎక్కి మనాలి వైపు దిగేటట్లు, మొత్తం సుమారు 1,500 కిలోమీటర్లకు ప్రణాళిక వేసుకున్నాను. సామానులో రెండు ట్యూబులు, గాలి పంపు, క్లచ్ తీగ, ప్లగ్గు, పానాల సంచి పెట్టుకున్నాను. శ్రీమతి పెట్టినవి అటుకులు, కందిపొడి, వేరుశెనగ ఉండలు. వీటిలో ఏ సంచి ఎక్కువ ఉపయోగపడిందో చెప్పనవసరం లేదు.

సిమ్లా దాటాక దారి సట్లెజ్ నదిని పట్టుకొని పోతుంది. ఇది 1850లో డల్హౌసీ కాలంలో మొదలుపెట్టిన పాత హిందుస్థాన్-టిబెట్ బాట పోయిన మార్గమే. ఝాక్రీ వద్ద కాసేపు ఆగాను. అక్కడి 1,500 మెగావాట్ల జలవిద్యుత్ కేంద్రం భూగర్భంలో ఉన్నది. నాథ్పా నుండి 27 కిలోమీటర్లకు పైగా సొరంగంలో నీరు వచ్చి దానిని తిప్పుతుంది. పైన రోడ్డు మీద నిలబడినవాడికి కొండ తప్ప ఏమీ కనిపించదు. ప్రభుత్వరంగంలో పనిచేసే మనబోటివారికి అలా కనిపించని పని మీద ఒక అభిమానం ఉంటుంది కాబోలు, పది నిమిషాలు ఆ కొండనే చూస్తూ నిలుచున్నాను.

ఖాబ్ వద్ద స్పితి నది సట్లెజ్‌లో కలుస్తుంది. అక్కడి నుండి చెట్లు మాయమవుతాయి. వర్షం అంతంతమాత్రం గనుకనే తాబోలోని మట్టిగోడల బౌద్ధారామం 996వ సంవత్సరం నుండి నిలిచి ఉన్నది. నాలుగవ రోజు సాయంత్రానికి కాజా చేరాను. అక్కడి ఇండియన్ ఆయిల్ బంకు 3,740 మీటర్ల ఎత్తున, ప్రపంచంలోకెల్లా ఎత్తైన బంకులలో ఒకటిగా పేరుపొందింది. మళ్ళీ మనాలి వరకు, అంటే దాదాపు 200 కిలోమీటర్లు, పెట్రోలు దొరకదు గనుక ట్యాంకు నింపుకున్నాను.

కంకర దారి గురించి కొంచెం వివరంగా చెప్పాలి. తారు రోడ్డు మీద అబ్బిన అలవాట్లన్నీ ఇక్కడ తారుమారవుతాయి. హ్యాండిల్‌ను బిగించి పట్టుకోరాదు. ముందు చక్రం గులకరాళ్ళ మీద తన దారి తాను వెతుక్కుంటుంది, దానిని అదుపు చేయబోతేనే పడిపోతాము. ముందు బ్రేకు సంగతి మరచిపోవాలి. రెండవ గేరులో, ఒకే వేగంతో, అవసరమైతే ఫుట్‌రెస్టుల మీద నిలబడి సాగాలి. చక్రం క్రింది రాయిని కాక ఇరవై అడుగుల అవతలి దారిని చూడాలి. చూచిన చోటికే బండి పోతుంది, గుంటను చూస్తే గుంటలోకే పోతుంది. ఆ ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో దాదాపు అరవై శాతమే. కార్బురేటరు బండికి పెట్రోలు ఎక్కువై, గాలి చాలక, ఇంజను ఆయాసపడుతుంది. నడిపేవాడి పరిస్థితీ అంతే. సుమారు 180 కిలోల బండి ఒరిగితే దానిని లేపడానికి రెండవ మనిషి లేడన్న సంగతి ప్రతి మలుపులోనూ గుర్తుంటుంది.

మన తెలుగువారిలో దారులను గురించి అంత శ్రద్ధగా వ్రాసినవారు ఏనుగుల వీరాస్వామయ్యగారు. 1830లో చెన్నపట్నం నుండి కాశీకి బయలుదేరి 1831లో తిరిగి వచ్చిన ఆయన, ఏ మజిలీ మధ్య బాట ఎట్లా ఉన్నదో, ఎక్కడ నీటి వసతి ఉన్నదో మిత్రునికి ఉత్తరాలుగా వ్రాసి పంపేవారు. అవే 1838లో "కాశీయాత్ర చరిత్ర"గా అచ్చయ్యాయి. ఆయన వెంట పెద్ద పరివారం ఉన్నది. నా వెంట ఉన్నది ఒక సెల్‌ఫోను మాత్రమే, అది కూడా కాజా దాటి కొంతదూరం పోయేసరికి మూగపోయింది.

కాజా వదిలే ముందే శ్రీమతికి చెప్పాను, దారిలో ఫోను పలకదని, రోహ్తాంగ్ దాటి ఏడింటికల్లా మనాలి వైపు నుండి మాట్లాడతానని. కాని లోసర్ గ్రామం దాటాక కొండచరియ జారి దారి మూసుకుపోయింది. బుల్‌డోజరు వచ్చి రాళ్ళు తొలగించేసరికి మూడున్నర గంటలు గడిచాయి. సుమారు 4,550 మీటర్ల ఎత్తునున్న కుంజుమ్ కనుమ వద్ద అందరిలాగే అమ్మవారి గుడికి ప్రదక్షిణంగా బండి త్రిప్పి, మలుపులు దిగి, చంద్రా నది ఒడ్డున బాతల్ చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది.

బాతల్ అంటే ఊరు కాదు. ఒక వంతెన, రెండు మూడు ధాబాలు, అంతే. అక్కడి నుండి గ్రాంఫూ వరకు సుమారు 50 కిలోమీటర్లు దారి అనే పేరు మాత్రమే ఉన్నది. నదీగర్భాన్ని ఎత్తి కొండకు అంటించినట్లు గుండ్రాళ్ళు, నడుమ హిమానీనదాల నుండి దిగే వాగులు. ఈ వాగులకు ఒక కాలనియమం ఉన్నది. రాత్రి చలికి మంచు కరగదు గనుక తెల్లవారుజామున నీరు పలుచగా ఉంటుంది. ఎండ ఎక్కినకొద్దీ మంచు కరిగి, మధ్యాహ్నం మూడు, నాలుగు గంటలకు ఉరవడి హెచ్చుతుంది. ఝార్ఖండ్ నుండి వచ్చిన రోడ్డు కూలీ ఒకడు ధాబా ముందు టీ త్రాగుతూ, ఛోటా దారా దగ్గర వాగు ఇప్పుడు నడుము వరకు ఉన్నదని, రెండు మోటారు సైకిళ్ళు తిరిగి వచ్చాయని చెప్పాడు. "బాబూజీ, సుబహ్ జానా" అన్నాడు.

ఆగితే ప్రాణానికి భయం లేదు. కాని ఏడు గంటలకు ఢిల్లీలో ఫోను మ్రోగదు. ఆమె ఊరుకోదని తెలుసు. తమ్ముడికి, మా పై అధికారికి, చివరకు పోలీసులకు ఫోన్లు పోతాయి. అంతకన్న బాధ ఏమిటంటే, వీటన్నిటి నడుమ ఆమె ఒక్కతే కూర్చొని ఉంటుంది. బండికి తాళం పెట్టి, తీసి, మళ్ళీ పెట్టాను. వంతెన దాకా నడిచి వెళ్ళి నీటి రంగు చూచి వచ్చాను. బూడిద రంగులో, అడుగు కనపడకుండా పారుతున్నది.

అప్పుడు పచ్చి బఠాణీల బస్తాలతో ఒక లారీ వచ్చి ఆగింది. స్పితి రైతులకు బఠాణీయే ముఖ్యమైన వాణిజ్య పంట. ఈ సరుకు ఎక్కడికని అడిగితే ఢిల్లీ ఆజాద్‌పూర్ మండీకి అన్నాడు డ్రైవరు. పాతికేళ్ళు కూడా ఉండవు. లారీ చక్రాలకు ఆ వాగు పెద్ద లెక్క కాదు. నన్ను ఎక్కించుకుంటానన్నాడు గాని బండికి చోటు లేదు. నేను డైరీలో ఒక కాగితం చింపి, ఇంటి నంబరు వ్రాసి, సిగ్నలు దొరికిన చోట ఒక్క మాట చెప్పమన్నాను. డబ్బు ఇవ్వబోతే చేయి వెనక్కు తీసుకున్నాడు. కాగితం మడిచి టోపీ అంచులో పెట్టుకొని, "ఆప్ ఖానా ఖా లీజియే" అని మాత్రం అన్నాడు. లారీ మలుపు తిరిగేదాకా చూస్తూ నిలుచున్నాను.

ఆ రాత్రి ధాబాలో నాలుగు దుప్పట్ల క్రింద కూడా నిద్ర పట్టలేదు. ఏడు అయినది, ఎనిమిది అయినది. నది మ్రోత తప్ప ఏమీ లేదు. కాగితం ఎగిరిపోయి ఉండవచ్చు, వాడు మరచిపోయి ఉండవచ్చు. నేను ఎవరినని గుర్తుంచుకోవాలి?

తెల్లవారి ఐదున్నరకు బయలుదేరాను. ఛోటా దారా వద్ద దిగి, ముందు కాలినడకన వాగు దాటి రాళ్ళ తీరు చూచుకున్నాను. నీరు పిక్కల వరకే ఉన్నది గాని ఎముకలు కొరికే చలి. మొదటి గేరులో, క్లచ్ ముట్టకుండా, ఆవలి ఒడ్డునున్న ఒక ఎర్ర రాయినే చూస్తూ దాటించాను. మధ్యలో వెనుక చక్రం ఒకసారి ప్రక్కకు జారి మళ్ళీ పట్టు దొరకబుచ్చుకున్నది. ఛత్రు చేరి వేడి టీ త్రాగేదాకా చేతివ్రేళ్ళలో స్పర్శ లేదు. ఇప్పుడు ఆ దారిని వెడల్పు చేసే పనులు మొదలయ్యాయి. 2020 అక్టోబరులో తొమ్మిది కిలోమీటర్ల అటల్ సొరంగం తెరిచాక రోహ్తాంగ్ కనుమ ఎక్కకుండానే మనాలి చేరవచ్చు కూడా. అప్పుడు మాత్రం రోహ్తాంగ్ ఎక్కి దిగితే గాని ఫోను పలకలేదు.

నేను "హలో" అనగానే ఆమె అన్న మొదటి మాట, "రాజ్మా అన్నం తిన్నారటగా?"

రాత్రి పది దాటాక ఫోను వచ్చిందట. ఏడు నుండి పది వరకు తాను ఏమి చేసిందో ఆమె చెప్పలేదు, నేనూ అడగలేదు. కొత్త గొంతు హిందీలో మొదట "ఘబరానా నహీఁ, మాతాజీ" అని, తరువాత నీళ్ళు ఎక్కువగా ఉన్నాయని, బాబూజీ బుద్ధిమంతుడని, రేపు వస్తాడని చెప్పిందట. భోజనం చేశారా అని ఈమె అడిగితే, ధాబాలో రాజ్మా అన్నం ఉడుకుతున్నదని చెప్పాడట. ఆ తరువాత ధన్యవాదాలు చెబుదామని ఆ నంబరుకు ఎన్నిసార్లు చేసినా స్విచాఫ్ అనే వచ్చింది.

రెండు రోజుల తరువాత నేను ఢిల్లీ చేరేసరికి వంటింట్లో పచ్చి బఠాణీలు ఒలిచి ఉన్నాయి. సెప్టెంబరులో ఢిల్లీకి బఠాణీలు కొండల నుండే వస్తాయి, ధర మండిపోతుంది. శీతకాలం రాకుండా వాటి వంక కన్నెత్తి చూడని మనిషి, ఆ రోజు బేరమాడకుండా కిలో కొన్నది.