రెండో తరగతి హోంవర్కు

మా అమ్మాయి న్యూజెర్సీలో రెండో తరగతి చదువుతోంది. సోమవారం సోమవారం బ్యాగులో ఒక ఫోల్డర్ వస్తుంది. అందులో లెక్కల కాగితాలు, స్పెల్లింగు మాటలు, రీడింగ్ లాగ్ ఉంటాయి. తరగతికి పది నిమిషాల చొప్పున హోంవర్కు ఇవ్వాలని అమెరికాలో చాలాకాలంగా ఒక లెక్క ఉంది. టీచర్ల సంఘం ఎన్ఈఏ, నేషనల్ పీటీఏ కూడా సరేనన్న లెక్క. అంటే మా పిల్లకు ఇరవై నిమిషాలు. వినడానికి తక్కువే. కానీ ఆఫ్టర్‌కేర్ నుంచి ఆరింటికి తీసుకొచ్చి, స్నానం చేయించి, అన్నం పెట్టేసరికి దానికి కళ్లు వాలిపోతుంటాయి. ఆ వేళప్పుడు ఇరవై నిమిషాల పని గంట పడుతుంది, మధ్యలో ఏడుపు కూడా.

దీనివల్ల లాభముందా అంటే, డ్యూక్ యూనివర్సిటీ ప్రొఫెసర్ హారిస్ కూపర్, అంతకుముందు జరిగిన పరిశోధనలను కలిపి చూసి 2006లో ఒక వ్యాసం రాశారు. హోంవర్కుకీ చదువుకీ సంబంధం పై తరగతుల్లో బాగా కనిపించింది, చిన్న తరగతుల్లో అంతంతమాత్రం. మన దేశంలోనూ ఒకటి, రెండు తరగతులకు హోంవర్కు వద్దని 2018లో మద్రాసు హైకోర్టు చెప్పింది. ఆ ఏడాదే కేంద్రం కూడా రాష్ట్రాలకు అదే మాట రాసింది. అయినా విజయవాడలో మా అక్క కొడుకు యూకేజీ నుంచే రాత్రిపూట ఎక్కాలు రాస్తున్నాడు.

ఇంత తెలిసీ ఆ ఫోల్డర్‌ని నేను పూర్తిగా కాదనలేకపోతున్నాను. మొన్న 52లోంచి 27 తీసేయమని లెక్క వచ్చింది. రెండులోంచి ఏడు పోదు, పక్కనున్న అయిదు దగ్గర ఒకటి అప్పు తెచ్చుకో అని మొదలుపెట్టాను. "అలా కాదమ్మా" అంటూ పిల్ల అడ్డంగా ఒక గీత గీసింది. 27 నుంచి 30కి మూడు, 30 నుంచి 50కి ఇరవై, అక్కణ్ణుంచి 52కి రెండు. గీత మీద చిన్న చిన్న గెంతులు వేసి, అన్నీ కూడి, 25 అని రాసింది. దాని బుర్ర ఎలా నడుస్తోందో నా కళ్లతో చూశానారోజు. నేను ఈ దేశంలో చదువుకోలేదు. ఆ బడిలో పగలంతా ఏం జరుగుతుందో నాకు తెలిసే దారి ఆ కాగితాలొక్కటే.

రీడింగ్ లాగ్ మీద మాత్రం నాకు నిజంగా కోపం. రోజూ ఎన్ని నిమిషాలు చదివిందో రాసి మేం సంతకం పెట్టాలి. సోఫాలో ముడుచుకుని పుస్తకంలో మునిగిపోయే పిల్ల, ఇప్పుడు పేజీ మధ్యలో తలెత్తి "ఇరవై అయ్యాయా?" అని అడుగుతోంది. అయ్యాయంటే పుస్తకం మూసేస్తుంది. కథ ఏమైందో కూడా అక్కర్లేదు.

ఇంకో సంగతి. మా అపార్టుమెంట్లలో రాత్రి షిఫ్టులకు వెళ్లే తల్లులున్నారు. పక్కన కూర్చునేవాళ్లున్న పిల్లకీ లేని పిల్లకీ బడిలో లేని తేడా హోంవర్కు దగ్గర వచ్చిపడుతుంది. ఇది నాకు అన్నిటికన్నా అన్యాయంగా అనిపిస్తుంది.

పోనీ బడి హోంవర్కు ఇవ్వడం మానేస్తే పిల్లలకు సాయంత్రాలు మిగులుతాయా? మనవాళ్లిళ్లలో నాకా నమ్మకం లేదు. ఆ ఖాళీలోకి కుమాన్ ట్యూషన్ వస్తుంది. 1954లో జపాన్‌లో తోరు కుమోన్ అనే లెక్కల మాస్టారు, రెండో తరగతిలో ఉన్న తన కొడుకు కోసం రాసిన కాగితాలతో మొదలైన పద్ధతి అది. ఒక తండ్రి తన పిల్లవాణ్ణి చూసుకుంటూ, వాడికి సరిపడా రాసినవి. మనం ఆ పిల్లవాణ్ణి వదిలేసి కాగితాలు మాత్రం తీసుకున్నాం.

పేరెంట్-టీచర్ కాన్ఫరెన్సులో రెండే అడిగాను. లెక్కల కాగితం వారానికి ఒకటి చాలు, రీడింగ్ లాగ్‌లో నిమిషాల గడి తీసేయండి అని. గడి తీసేయడానికి టీచరుగారు వెంటనే ఒప్పుకున్నారు. కాగితాల దగ్గర ఆగారు. న్యూజెర్సీలో రాష్ట్ర పరీక్షలు మూడో తరగతి నుంచే మొదలు కాబట్టి ఇంకా ఎక్కువ ఇవ్వమని తల్లిదండ్రులే అడుగుతున్నారట. వాళ్లలో మనవాళ్లు ఎంతమందో ఆవిడ చెప్పలేదు గానీ, వారాంతాల్లో కలిసినప్పుడు ఏం మాట్లాడుకుంటామో నాకు తెలుసు. ఇక నేను అడగాల్సింది వాళ్లనే.