జార్‌లో అరగంట

మా చిన్నాన్న కొడుకు హైదరాబాద్‌కు పడమటి పక్క, ఒక చెరువును ఆనుకుని ఉన్న అపార్టుమెంటులో ఫ్లాట్ కొన్నాడు. చెరువు కనబడుతుందని చదరపు అడుగుకి ఎక్కువే కట్టాడు. "సాయంత్రమైతే బాల్కనీ తలుపు తీయలేకపోతున్నాం అన్నయ్యా, ఒకసారి వచ్చి చూసి ఏదైనా రాయి" అని రెండుసార్లు ఫోన్ చేశాడు. చెరువు చూద్దామని వెళ్లినవాణ్ణి, సగం రోజు సెల్లార్‌లోనే ఉండిపోయాను.

రెండో సెల్లార్‌లో కార్ల వరస వెనక ఒక ఇనప తలుపు ఉంది. దాని వెనకే మురుగు శుద్ధి చేసే ప్లాంటు. నాలుగు వందల యాభై ఇళ్ల స్నానాలు, అంట్లు, బట్టల నీళ్లు, మరుగుదొడ్లు అన్నీ అక్కడికే దిగుతాయి. ఇంటికి నలుగురు, మనిషికి 135 లీటర్ల వాడకం అనుకున్నా రోజుకు దాదాపు 2 లక్షల లీటర్ల మురుగు. దాన్ని చూసుకునే ఆపరేటర్‌కి ముప్పై ఏళ్లు ఉండవు. శ్రీకాకుళం వైపు మనిషి. ట్యాంకులోకి గాలి కొట్టే బ్లోయర్ మోతలో మాట వినబడదు కాబట్టి ఎక్కువగా చేతులతోనే చెబుతాడు.

తాడు కట్టిన మగ్గును గాలి బుడగలు పొంగుతున్న ట్యాంకులోకి వదిలి, నిండుగా తీసి, గీతలున్న లీటరు జార్‌లో ఒక్క చుక్క ఒలకకుండా పోశాడు. ఫోన్‌లో టైము చూసుకుని జార్‌ని గోడ గట్టు మీద పెట్టాడు. "అరగంట ఎవరూ ముట్టుకోకూడదు సార్."

ఇద్దరం దాని ముందే కూర్చున్నాం. మొదట చిక్కటి కాఫీలా ఉన్న నీళ్లలో, పాలు విరిగినట్టు, చిన్న చిన్న తునకలు తేలాయి. అవి ఒకదానికొకటి అతుక్కుని బరువెక్కి దిగడం మొదలుపెట్టాయి. పది నిమిషాలకి పైన తేట, కింద బురద, మధ్యలో గీసినట్టు ఒక గీత. అరగంటకి ఆ గీత 280 మిల్లీలీటర్ల దగ్గర ఆగింది. అతను జార్‌ని వెలుతురుకి ఎత్తి పట్టి అడుగున రంగు చూశాడు. పాత బెల్లం రంగు. మూతి దగ్గర వాసన చూసి నాకిచ్చాడు. తొలకరికి తడిసిన మట్టి వాసన! కంపు కొడుతుందనుకుని ముక్కు బిగబట్టిన నాకు నోట మాట రాలేదు.

"పురుగులు బాగున్నాయి సార్" అన్నాడు.

సూక్ష్మజీవులను అతను పురుగులంటాడు. మురుగును తినేది అవే. ప్లాంటు కొత్తలో పేడ కలిపిన నీళ్లు పోసి వాటిని పెంచాడట. వాటికి తిండికి కొదవ లేదు, కావలసిందల్లా గాలి. గాలి ఆగితే చచ్చిపోతాయి. బురద నల్లబడి కుళ్లిన గుడ్డు కంపు కొడుతుంది. పండగ ముందు ఇళ్లలో యాసిడ్ పోసి బాత్రూములు కడిగితే మర్నాడు జార్‌లో తెలిసిపోతుందట. జాలీ దగ్గర డైపర్లు, ప్యాడ్లు రోజూ కొక్కెంతో తనే లాగుతాడు.

కిందటి వేసవిలో కరెంటు బిల్లు ఎక్కువొచ్చిందని రాత్రి పదకొండు నుంచి పొద్దున అయిదు దాకా బ్లోయర్ ఆపమన్నారు. "మూడో రోజుకి బురద కిందికి దిగడం మానేసింది సార్." ఆ రోజుల్లో నీళ్లెక్కడికి పోయాయని అడిగాను. జవాబు చెప్పలేదు. గోడలోంచి బయటికి పోయే వాన నీళ్ల పైపు వైపు చూశాడు.

ఆ పైపు నాలాలోకి, నాలా చెరువులోకి. కట్ట మీదికి వెళితే నీళ్లు కనబడలేదు, గుర్రపు డెక్క ఉంది. గేదెలను తోలుకెళ్తున్న పెద్దాయన నిలబడి చెప్పాడు: "ఎండకాలం మా చెరువు ఎండుతుండె సారూ. ఒండ్రుమట్టి పొలాలకు కొడుతుంటిమి. ఇప్పుడు ఎండుతనే లేదు." ఎండని చెరువంటే మనకి సంబరం. వానల్లేని నెలల్లోనూ అది నిండుగా ఉందంటే ఆ నీళ్లు మన ఇళ్లవే. అందులోని నత్రజని, ఫాస్ఫరస్ తిని డెక్క పెరుగుతుంది, అది కుళ్లితే నీళ్లలో ప్రాణవాయువు పోతుంది.

10 హెక్టార్లు దాటిన చెరువుకు 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు బఫర్ వదలాలని నిబంధన. వదలాల్సిందే. కానీ గోడలను ఆపే గీత గొట్టాలను ఆపలేదు. 1908 మూసీ వరద తర్వాత కట్టిన ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్‌లను కాపాడటానికి 1996లో 111 జీవో తెచ్చి, 84 గ్రామాల్లో, పది కిలోమీటర్ల మేర నిర్మాణాలను కట్టడి చేశారు. ఆముదం నుంచి రసాయనాలు తీసే పరిశ్రమకు అక్కడ మినహాయింపు ఇవ్వడం చెల్లదని 2000లో సుప్రీంకోర్టు చెప్పింది. 2022లో 69 జీవో ఆ ఆంక్షలు ఎత్తేస్తూ, మురుగు శుద్ధి ప్లాంట్లు పెట్టి నీటి నాణ్యత కాపాడతామంది. అంటే ఆ జలాశయాల భారమంతా రేపు ఇలాంటి సెల్లార్ల మీద పడుతుంది. ఆ సెల్లార్‌లో రాత్రి బ్లోయర్ తిరుగుతుందా లేదా అన్నది ఎవరు చూస్తారు?

ఒకప్పుడు ఊళ్లో చెరువు తూము తీసేదీ మూసేదీ నీరటి. ఊరు అతనికి మాన్యం ఇచ్చుకుంది, ఎంత భూమి ఉన్న ఆసామి అయినా తూము దగ్గర అతని మాట వినాల్సిందే. ఈ కుర్రాడు చేస్తున్నదీ అదే పని. కాంట్రాక్టు జీతం, బ్లోయర్ స్విచ్ మీద కూడా హక్కు లేదు. ఆ హక్కు అతనికి ఇవ్వండి. అతని జార్ లెక్క రోజూ లిఫ్ట్ పక్కన రాసి పెట్టండి, కరెంటు బిల్లుతో పాటు అదీ చదవండి. ఇదే మా తమ్ముడికీ చెప్పాను. వచ్చే అపార్టుమెంటు మీటింగులో అడుగుతానన్నాడు.

వచ్చే ముందు రిజిస్టర్ చూపించమన్నాను. తేదీ, టైము, జార్ లెక్క. రోజుకో అంకె: 260, 310, 290. కిందటి వేసవి పేజీలో మాత్రం వరసగా పన్నెండు రోజులు ఒకే సిరాతో 300, 300, 300.

"ఇవి?" అన్నాను.

"రాయమన్నారు సార్" అన్నాడు. పేజీలు తిప్పి, ఈ రోజు తేదీ ఎదురుగా 280 వేసి, పక్కన సంతకం పెట్టాడు.