మందలో గుర్తు

హొళగుంద ప్రాంతంలో రెండు గొర్రెల మందలు ఒకే చెరువు దగ్గర కలిసినా కాపరులు కలవరపడరు. ఒకరి గొర్రెల వీపున ఎర్రరంగు, మరొకరి గొర్రెల మెడపై నీలిరంగు ఉంటుంది.

మరి కంటికి కానరాని డి.ఎన్.ఏ.కు గుర్తు పెట్టడమెట్లా? హైదరాబాదులోని సి.సి.ఎం.బి.లో లాల్జీ సింగ్ 1988లో ఆ పని చేసి చూపించారు. అందుకు వాడిన డి.ఎన్.ఏ. తునక పసుపు, నలుపు పట్టీలు గల కట్లపాము నుండి లభించినది. (ఆ పాముల ప్రజాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన ‘బంగారస్’ అనే పేరు మన ‘బంగారు’ నుండి పుట్టినదే!) ఆ తునకకు రేడియోధార్మిక భాస్వరాన్ని చేరుస్తారు. ముక్కలు చేసి, పరిమాణాన్ని బట్టి వేరుపరచిన మనిషి డి.ఎన్.ఏ.లో అది తన జతను వెదకి అతుక్కుంటుంది. దానిపై ఎక్స్‌రే ఫిలిం పరచి చీకటిలో ఉంచితే, అతుక్కున్నచోట నల్లని గీతలు తేలుతాయి. బిడ్డ గీతలలో తల్లికి లేనివి తండ్రి నుండి వచ్చి ఉండాలి.

కేరళలో ఒక తండ్రి తన బిడ్డను కాదన్నాడు. ఈ గీతలే ఆ బిడ్డకు సాక్ష్యం పలికాయి. 1991లో ఆ రాష్ట్ర హైకోర్టు దానిని ఆమోదించింది. తల్లి మాటను నమ్మని లోకం ఫిలింను నమ్మింది.

ఆ భాస్వరం శక్తి 14 రోజులకే సగమవుతుంది. దాని కిరణాలు పనిచేసేవారికి హానికరం. అందుచేత తరువాత మెరిసే రంగులు వాడుకలోకి వచ్చాయి. ప్రోటీనును వెదకడానికి యాంటీబాడీకి అటువంటి రంగునే తగిలిస్తారు. అయితే మోతాదు మించితే, యాంటీబాడీ తన ప్రోటీనును పట్టుకోలేదు. కాపరి కూడా గొర్రె కళ్ళకు రంగు పూయడు కదా!